పర్లేదండి

జిల్లాలు విడిపోవడానికి కొన్నేళ్ళ ముందు, ఒక జూన్ నెలాఖరున నన్ను నరసాపురం వైపు సముద్రానికి దగ్గరగా ఉండే ఒక ప్రాజెక్టుకు సీడీపీఓగా బదిలీ చేశారు. సీడీపీఓ అంటే శిశు అభివృద్ధి పథకం అధికారిణి. ఊళ్ళలో ఆ పేరు ఎవరికీ అక్కర్లేదు, "అంగన్‌వాడీల మేడం గారు" అంటారు. మా శాఖలో వరుస ఇలా ఉంటుంది: కేంద్రంలో పిల్లల ఆటపాటలు, అన్నం, గుడ్డు చూసుకునే కార్యకర్త, ఆమెకు సాయంగా ఆయా, కొన్ని కేంద్రాలకు కలిపి ఒక సూపర్‌వైజరు, సూపర్‌వైజర్ల మీద సీడీపీఓ, మా మీద జిల్లా కేంద్రంలో ప్రాజెక్టు డైరెక్టరు. పైనుంచి దిగే కాగితమూ కిందనుంచి ఎక్కే కాగితమూ మా బల్ల మీదే కలుసుకుంటాయి. అందుకే ఈ ఉద్యోగంలో రాత బాగుండాలి. నా రాత బాగుంటుందని శాఖలో పేరు. ఆ పేరు నాకు కాస్త తలకెక్కిన మాట కూడా నిజమే.

ఆ ఏడాది పిల్లల హాజరు తక్కువగా ఉన్న కేంద్రాలను దగ్గర్లోని పెద్ద కేంద్రాల్లో కలపడానికి ప్రతిపాదనలు పంపమన్నారు. దాన్ని విలీనం అంటాం. ఒక కేంద్రాన్ని కలపాలంటే సీడీపీఓ స్వయంగా వెళ్ళి హాజరు పట్టీ చూడాలి, భవనం చూడాలి, రెండు కేంద్రాల మధ్య దూరం రాయాలి, చివరగా తల్లుల సమావేశం పెట్టి వాళ్ళ అభిప్రాయం తీసుకోవాలి. ప్రొఫార్మాలో ఆఖరి గడి అదే, "తల్లుల అభిప్రాయం". గడి చాలా చిన్నది. నాలుగు మాటలు పట్టాలంటే అక్షరాలు ఇరికించి రాయాలి.

నా జాబితాలో మొగల్తూరు అవతల ఒక పేట ఉంది. దాన్ని ఇక్కడ చినమెరక అంటాను, అసలు పేరు అది కాదు. చుట్టూ రొయ్యల చెరువులు, మధ్యలో కాస్త ఎత్తు నేల, దాని మీద ఇళ్ళు, ఒక చర్చి, చర్చి పక్క గదిలో మా కేంద్రం. ఆడవాళ్ళంతా రొయ్యల షెడ్లలో తలలు తీసే పనికి వెళతారు. తెల్లారకుండానే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. పేటకూ అసలు ఊరికీ మధ్య ఒక డ్రెయిను. దాటడానికి రెండు తాటి దుంగలు వేసుకున్నారు. దుంగల మీదుగా వెళితే ఊళ్ళోని కేంద్రం కూతవేటు దూరం. కారు వెళ్ళే రోడ్డు మాత్రం చెరువుల చుట్టూ తిరిగి వస్తుంది.

నేను కారులో వెళ్ళాను. దూరం గడిలో దుంగల దారి దూరమే రాశాను, ఎందుకంటే అది తక్కువ. ఆ రోజు నాకు అందులో ఏ తప్పూ కనిపించలేదు.

సమావేశం ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పెట్టించాను. నలభై మంది దాకా ఆడవాళ్ళు వచ్చి చాపల మీద కూర్చున్నారు. నాకు పాస్టరు గారి కుర్చీ వేశారు, కొబ్బరి బొండం కొట్టిచ్చారు. పిల్లలను ఊళ్ళో కేంద్రానికి పంపడానికి మీకేమైనా ఇబ్బందా అని అడిగాను. ముందు వరుసలో ఉన్న మార్తమ్మ అనే ఆమె పక్కవాళ్ళ వంక చూసి, "అబ్బే, పర్లేదండి" అంది. వెనకనుంచి ఇంకొందరు అందుకున్నారు.

"పర్లేదండి. మీరెలా చెబితే అలాగేనండి."

"ఆయ్, మీరు మా మంచికే చెప్తారు కదండీ."

నేను గడియారం చూసుకుని లేచాను. తీర్మానం మీద సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాం. ఆఖరి గడిలో "తల్లులకు అభ్యంతరం లేదు" అని రాశాను. మర్నాడే నివేదిక జిల్లా ఆఫీసుకు వెళ్ళిపోయింది. చెప్పవలసిన సంగతి ఒకటుంది. నేను పరాయి ప్రాంతం దాన్ని కాదు. పిఠాపురంలో పుట్టి పెరిగాను. భోజనానికి వెళ్ళిన ఇంట్లో పులుసు చప్పగా ఉన్నా "పర్లేదండి, బాగుందండి" అంటూ రెండోసారి వడ్డించుకు తిన్న ఇంటి పిల్లను. ఆ మాటలో ఎన్ని అర్థాలున్నాయో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సలోమి గారు నా ఆఫీసుకు రావడం ఆ వారంలోనే. రాజమండ్రిలో ఒక కళాశాలలో సోషల్ వర్క్ విభాగానికి అధిపతి. యాభై దాటిన మనిషి, నేత చీర, భుజాన గుడ్డ సంచి. ఎంఎస్‌డబ్ల్యూ విద్యార్థులకు చదువులో సగం క్షేత్రంలోనే. ఏటా పది రోజులు ఏదో ఒక పల్లెలో శిబిరం వేసి అక్కడే ఉండాలి, అక్కడి శాఖాధికారి ఒకరు వాళ్ళ పని చూసి మార్కుల పత్రం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం కోసం ఆవిడ వచ్చారు. ఆవిడ ఎంచుకున్న పల్లె చినమెరక.

అక్కడ ఏం చేస్తారని అడిగాను. పిల్లల బరువులు తూస్తాం, ఇంటింటికీ వెళతాం, చివర్లో పేటవాళ్ళ చేత ఒక నాటకం ఆడిస్తాం అన్నారు. "నాటకమా?" అన్నాను. నా గొంతులో వెటకారం ఆవిడకు వినిపించే ఉంటుంది. ఆవిడ వేళ్ళు మాత్రం నా బల్ల అంచు మీద మెల్లగా దరువు వేస్తూనే ఉన్నాయి. తర్వాత తెలిసింది, అది ఆవిడ అలవాటని. బస్సు కిటికీ అయినా, స్టీలు గ్లాసు అయినా, పరీక్ష పత్రాల కట్ట అయినా ఆ వేళ్ళకు బుర్రకథ డక్కీయే.

ఆ డక్కీ ఆవిడకు వాళ్ళ నాన్నగారి నుంచి వచ్చింది. ఆయన మిషన్ స్కూలు మాస్టారు. బైబిలు కథలను బుర్రకథగా కట్టి పండగలకు చర్చిల్లో చెప్పేవారట. ఆయన తంబురా పట్టుకుని కథ చెబితే, పదేళ్ళ సలోమి గారు పక్కన వంత. బుర్రకథలో కథకుడు ఒకడు, వంతలు ఇద్దరు. వంత కథ చెప్పకూడదు. "తందాన తాన" అనాలి, "ఆహా, ఆపైన?" అనాలి, జనం మనసులో ఉన్న అనుమానం పైకి అడగాలి. ఆవిడ చదువుకున్నది పెద్ద ఊళ్ళో, పుస్తకాలు ఇంగ్లీషువి. పాఠం చెప్పేది మాత్రం ఈ వంత పద్ధతిలోనే. సోషల్ వర్కరు వంత లాంటివాడని, కథ ఊరిదని, వంత గొంతు కథకుడి గొంతును మించితే పక్కనున్నవాడే డక్కీ లాక్కుంటాడని క్లాసులో చెప్పేవారట. ఏటా విద్యార్థులను తీసుకెళ్ళి పాత కళాకారుల దగ్గర కూర్చోబెట్టేవారు. నాట్లు వేసే ఆడవాళ్ళ పాటలు, పడవ మీద పాడుకునే పాటలు, మేలుకొలుపులు నోటుపుస్తకాల నిండా రాసి పెట్టుకున్నారు. ఆవిడ ఇంట్లో సోఫా ఉండేది కాదు, ముందుగది మొత్తం చాపలు. ఎవరో ఒకరు అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి సాధన చేస్తుండేవారు.

ఆవిడ పద్ధతుల్లో నాకు నచ్చింది ఫీల్డు డైరీ. విద్యార్థి రోజూ రాయాలి. పేజీని మూడు గడులుగా గీయాలి. మొదటి గడిలో ఎదుటివాళ్ళు అన్న మాట, అన్నది అన్నట్టుగా. "ఆమె ఇబ్బంది వ్యక్తం చేసింది" అని రాస్తే కొట్టేసేవారు. "ఏం చెప్పమంటావు తల్లీ" అందా, అలాగే రాయాలి. రెండో గడిలో విన్నప్పుడు తనకేమనిపించిందో. మూడో గడి పైన శీర్షిక "నేను అడగనిది". ఆ గడి ఖాళీగా ఉంటే డైరీ తిరిగి ఇచ్చేసేవారు. నేను డ్రాఫ్టింగు మనిషిని కాబట్టి ఆ గడుల వ్యవహారం ముచ్చటగా అనిపించింది. నాటకం సంగతి మాత్రం కాలక్షేపం అనుకుని అనుమతి పత్రం మీద సంతకం పెట్టేశాను.

శిబిరం జరిగిన రోజుల్లో ఒక్కసారే అటు వెళ్ళాను. విద్యార్థులు అరుగుల మీద కూర్చుని ఆడవాళ్ళతో పాటు రొయ్యలు ఒలుస్తూ మాట్లాడుతున్నారు. సలోమి గారు చర్చి హార్మోనియం ముందేసుకుని ముసలమ్మల చేత పాటలు పాడిస్తున్నారు. మా కార్యకర్త నన్ను పక్కకు పిలిచి, ఆదివారం నాటకానికి మీరు ముఖ్య అతిథండి, తప్పకుండా రావాలండి అంది. ఏం నాటకం అని అడిగితే, "సెంటరుకెళ్ళే దారండి" అని నేల చూపులు చూసింది. అప్పుడైనా నాకు తట్టాలి. తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చర్చి ముందు టార్పాలిన్ కట్టారు. నాకు మళ్ళీ పాస్టరు గారి కుర్చీయే. మధ్యలో నేల మీద ఒక తాటి దుంగ పడేసి ఉంది. డ్రెయిను మీది దుంగలు మార్చినప్పుడు తీసిన పాత దుంగ అది. ఇద్దరు విద్యార్థినులు డక్కీలతో ఒక పక్క నిలబడ్డారు. వాళ్ళే వంతలు. నటించేవాళ్ళంతా పేట ఆడవాళ్ళే. మాటలు రాసిచ్చినవాళ్ళు లేరు, ఎవరి మాట వాళ్ళదే.

మొదట మార్తమ్మ వచ్చింది. కళ్ళజోడు, చంకలో హ్యాండుబ్యాగు, చేతిలో గడియారం, పెన్ను. కుర్చీలో కూర్చుని, బొండం తాగినట్టు తాగి, నా గొంతుతో "మీకేమైనా ఇబ్బందా?" అంది. సరిగ్గా నేను అన్నట్టే, ఆఖరి అక్షరం కాస్త సాగదీసి. జనం విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వక చస్తానా? చాపల మీద కూర్చున్నవాళ్ళంతా "పర్లేదండీ" అన్నారు. మార్తమ్మ పెన్ను తీసి పుస్తకంలో రాసుకుంది. వంత పిల్లల్లో ఒకతె డక్కీ వాయించి, "ఆహా! పర్లేదంటే ఏంటమ్మా?" అని అడిగింది. దానికి ఒకామె లేచి, "పర్లేదంటే, వచ్చిన మనిషిని చిన్నబుచ్చకూడదనమ్మా" అంది. ఇంకొకామె, "పర్లేదంటే, చెప్పినా ఒకటే చెప్పకపోయినా ఒకటేననమ్మా" అంది. మూడో ఆమె, "మొహమాటానికి పోతే ఏమొచ్చిందో తెలుసు కదమ్మా మీకు" అనేసరికి ముసలాళ్ళు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు.

ప్రతి జవాబుకూ నా కుర్చీ కింద నేల కాస్త కాస్త కదులుతున్నట్టుంది. లేచి వెళ్ళిపోదామా అనుకున్నాను. వెళితే ఇంకా నవ్వులపాలు.

తర్వాత దారి. తల్లులు వ్యాను ఎక్కి షెడ్డుకు వెళ్ళిపోయారు. ఇంట్లో మిగిలేది నాయనమ్మలు, అమ్మమ్మలు. అందులో సుందరమ్మ అనే ఆమె, డెబ్బై ఏళ్ళుంటాయి, ఒక కంటికి శుక్లం, మనవడి బదులు చంకలో దిండు పెట్టుకుని, ఇంకో చేత్తో కర్ర పట్టుకుని దుంగ మీదికి ఎక్కింది. నేల మీద పడి ఉన్న దుంగే, జానెడు ఎత్తు. నాటకం ప్రకారం ఆమె తడబడుతూ దాటాలి, వంతలు "దాటెను అవ్వ తందాన" అని పాడాలి, అందరూ చప్పట్లు కొట్టాలి. ఆమె రెండడుగులు వేసింది. మూడో అడుగు దగ్గర ఆగింది. కర్రతో ముందు తడిమి చూసింది, వెనక్కి చూసింది. వంతలు పాట ఎత్తుకుని ఆమె కదలకపోవడం చూసి ఆపేశారు. ఒక పిల్ల సాయం చెయ్యబోతే సలోమి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

సుందరమ్మ దుంగ మీదే కూర్చుండిపోయింది. దిండును ఒళ్ళో పెట్టుకుని, "నేను దాటలేనమ్మా. రోజూ దాటలేను" అంది. అది నటన కాదు. ఎవరితో అంటున్నదో కూడా తెలియలేదు.

కుర్చీలో ఉన్న మార్తమ్మ కళ్ళజోడు తీసేసి ఆమె దగ్గరకు వెళ్ళి కూర్చుంది. సుందరమ్మ ఆమెకు అత్తగారట. ఒకే ఇంట్లో ఉంటూ, మనవడిని ఊళ్ళో కేంద్రానికి తీసుకెళతావా అత్తా అని కోడలు అడిగితే, ఈ ముసలామె చెప్పిన జవాబు కూడా "పర్లేదులేమ్మా" అనేనని తర్వాత తెలిసింది.

నాటకం అక్కడితో ఆగిపోయింది. టీలు ఇచ్చారు. నేను టీ తాగలేదు. సలోమి గారిని డ్రెయిను గట్టు మీదికి తీసుకెళ్ళి, నలుగురిలో నన్ను ఇలా నిలబెట్టడం మర్యాదేనా అని అడిగేశాను. నా కోపమంతా ఆవిడ మీద పోశాను. నాకు ముందే చెప్పి ఉంటే ఆఫీసులోనే సరిచేసేదాన్ని కదా అన్నాను. ఆవిడ అంతా విన్నారు. వేళ్ళు కదలడం లేదు.

"మిమ్మల్ని వెక్కిరించడం వరకు నాకు తెలుసండి. మార్తమ్మ గారు పట్టుబట్టారు, నేను ఆపలేదు. అందుకు క్షమించండి. కానీ సుందరమ్మ గారు ఆగిపోతారని నాకు తెలీదండి. మూడు రోజులు రిహార్సల్ చేశాం. దాటగలరా అమ్మా అని నేనే అడిగాను. పర్లేదండి అన్నారు. నేనూ దాటించేశాను."

ఆ మాటతో నా కోపం సగం చచ్చింది. పాతికేళ్ళుగా మూడో గడి గురించి పాఠాలు చెప్పిన మనిషి కూడా ఆ గడిలోనే పడ్డారు. మేమిద్దరం గట్టు మీద నిలబడి ఆ దుంగల వంక చూశాం. సలోమి గారు చెప్పులు విడిచి చేత పట్టుకుని ఎక్కారు. నేనూ ఎక్కాను. దుంగ నాచుపట్టి ఉంది. కింద నీళ్ళు నల్లగా ఉన్నాయి. చంకలో పిల్లాడు లేడు, చేతిలో కర్ర లేదు, కళ్ళు బాగానే ఉన్నాయి. అయినా నాలుగో అడుగులో నేను ఆవిడ భుజం పట్టుకున్నాను. దాటి అటు వెళ్ళి, తిరిగి రోడ్డు మీదుగా నడిచి పేటకు వచ్చాం. ఆ దారి ఎంత దూరమో అప్పుడు కాళ్ళకు తెలిసింది.

ఇక కాగితం సంగతి. నివేదిక అప్పటికే జిల్లా ఆఫీసులో ఉంది. విలీనం ఉత్తర్వులు నెలాఖరుకు వస్తాయి. వచ్చాయంటే ఆ పేటలో పిల్లలు మధ్యాహ్నం అన్నం, గుడ్డు మానుకుని అరుగుల మీద ఉండిపోతారు, రెండు నెలల్లో ఊళ్ళో కేంద్రం పట్టీలో వాళ్ళ పేర్లు కూడా కొట్టేస్తారు. అది ఆపాలంటే నా నివేదిక తప్పని నేనే రాయాలి. శాఖలో ఇలాంటి చోట వాడే మెత్తని మాటలు చాలా ఉన్నాయి. "మారిన పరిస్థితుల దృష్ట్యా" అనవచ్చు. "తదుపరి పరిశీలనలో" అనవచ్చు. సోమవారం ఉదయం రెండూ రాసి చూశాను. పరిస్థితులు ఏమీ మారలేదు, దుంగలు అవే, డ్రెయిను అదే. చివరికి ఇలా రాశాను: "నా మునుపటి నివేదికలో తల్లుల అభిప్రాయం గడిలో రాసినది తప్పు. వాళ్ళు అన్న మాట 'పర్లేదండి'. దాన్ని నేను అభ్యంతరం లేదని రాశాను. దూరం గడిలో రాసినది ముసలివాళ్ళు దాటలేని దారి." కింద సుందరమ్మ అన్న మాట అన్నది అన్నట్టు రాసి, రోడ్డు దూరం వేసి, సంతకం పెట్టాను.

డైరెక్టరు గారు ఫోను చేశారు. మంచి మనిషే, కానీ ఇలాంటివి ఆయనకూ తలనొప్పే. "ఏంటండీ ఇది, వేలిముద్రలతో తీర్మానం పంపి మళ్ళీ మీరే కాదంటే నేను పైకి ఏమని చెప్పను?" అన్నారు. ఉన్నదే చెప్పండి సార్ అన్నాను. పది రోజులకు నాకు మెమో వచ్చింది. క్షేత్ర పరిశీలనలో అజాగ్రత్తకు సంజాయిషీ ఇవ్వమన్నారు. ఇచ్చాను. హెచ్చరికతో సరిపెట్టారు. అది నా సర్వీసు రిజిస్టరులో ఎక్కింది. ఆ ఏడాది ప్రమోషన్ జాబితాలో నా పేరు రాలేదు. దానికి ఈ హెచ్చరికే కారణమని ఎవరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. బాధపడలేదంటే అబద్ధం. నాకంటే చిన్నవాళ్ళు నా పై కుర్చీలో కూర్చుంటే కడుపు మండింది.

చినమెరక కేంద్రం మాత్రం ఉంది. పూర్తి కేంద్రంగా కాదు, ఆయా లేకుండా ఒక్క కార్యకర్తతో నడిచే మినీ కేంద్రంగా మార్చారు. సుందరమ్మ పొద్దున్నే మనవడిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చర్చి గడప దగ్గర కూర్చునేది. ఆయా లేదు కాబట్టి గుడ్ల పెంకులు ఆమే తీసేదని కార్యకర్త చెప్పేది. నేను ఆ ప్రాజెక్టులో ఉన్నన్నాళ్ళూ మార్తమ్మ నన్ను చూసినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. నాకూ నవ్వొచ్చేది.

నా టూరు డైరీలో ఆ తర్వాత మూడు గడులు గీసుకున్నాను. శాఖ ఇచ్చిన పుస్తకంలో అలాంటి గడులు లేవు, పెన్సిలుతో గీసుకునేదాన్ని. రిటైరయ్యేదాకా గీశాను. సలోమి గారూ నేనూ స్నేహితులమయ్యాం. నేను రాజమండ్రికి మారాక ఆవిడ చాపల గదికి వెళ్ళేదాన్ని. కొత్త సూపర్‌వైజర్ల శిక్షణకు ఆవిడను పిలిచేదాన్ని. ఆవిడ వచ్చి డక్కీ తీసి, ఒకరిని కథ చెప్పమని, ఇంకొకరిని వంతగా నిలబెట్టి, వంత రెండో ప్రశ్న అడిగేదాకా వదిలేవారు కాదు. వాళ్ళల్లో కొందరు ఇదేం శిక్షణని గొణుక్కునేవారు. వాళ్ళను చూస్తే నాకు నా పాత మొహం గుర్తొచ్చేది.

నేను రిటైరైన మూడో ఏట సలోమి గారికి జబ్బు చేసింది. ఎముకల్లోకి పాకిందన్నారు. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి కుటుంబం చూసుకునేది, పాత విద్యార్థులు వంతులేసుకుని వచ్చేవారు. ఒక ఉదయం నేను ఆసుపత్రికి వెళ్ళేసరికి డ్యూటీ డాక్టరు గారు ఆవిడ మంచం దగ్గరే ఉన్నారు. కుర్రాడు, మర్యాదస్తుడు. "ఎలా ఉందమ్మా?" అని అడిగాడు. ఆవిడ "పర్లేదండి" అన్నారు. అతను తలూపి పక్క మంచానికి వెళ్ళాడు. సిస్టరు చార్టులో రాసుకుంది. నేను తొంగి చూశాను. మూడు రోజులుగా అదే మాట ఉంది, నొప్పి లేదని.

నేను కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాను. ఆవిడ కాలేజీ సంగతులు అడుగుతున్నారు, నాట్ల పాటల పుస్తకాలు ఎవరికి ఇవ్వాలో చెబుతున్నారు. మాట బాగానే ఉంది. చెయ్యి మాత్రం మంచం ఇనుప కమ్మీని పట్టుకుని ఉంది. దరువు లేదు. ఆ వేళ్ళు ఊరుకుని ఉండటం అంతకుముందు నేను ఒక్కసారే చూశాను, డ్రెయిను గట్టు మీద.

"పర్లేదంటే ఏంటండి?" అని అడిగాను.

ఆవిడ నా వంక చూశారు. నవ్వబోయారు, నవ్వితే నొప్పి చేసినట్టుంది, ఆగిపోయారు. నేను కుర్చీలోంచి లేవలేదు.

"ఓర్చుకోలేకపోతున్నానండి. నిద్రపోయి మూడు రోజులైంది. ఆ పిల్లాడు పాపం రోజుకి ఎంతమందిని చూస్తాడో, చెప్పి ఇబ్బంది పెట్టడం ఎందుకని" అన్నారు.

నేను లేచి వెళ్ళి డాక్టరు గారిని వెనక్కి పిలుచుకొచ్చాను. ఆవిడ అన్న మాట అన్నది అన్నట్టు చెప్పాను. అతను నొచ్చుకున్నాడు, వెంటనే మందు మార్చాడు. సిస్టరు చార్టులో పాత మాట అడ్డంగా కొట్టేసి, కొత్తది రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. రికార్డులో తప్పు దిద్దే పద్ధతి అన్ని చోట్లా ఒకటే. మధ్యాహ్నానికి సలోమి గారు నిద్రపోయారు. ఆ తర్వాత ఆవిడ బతికింది కొన్ని వారాలే, కానీ ఆ వారాలు నిద్రపోయారు.

సంతాప సభలో అందరూ ఆవిడ కళాసేవ గురించి మాట్లాడారు. నన్ను మాట్లాడమంటే దణ్ణం పెట్టి కూర్చున్నాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఇప్పుడు ఈ ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు పనికొస్తే వస్తుంది. "పర్లేదండి" అనేది మా గోదావరి వాళ్ళ మర్యాద. దాన్ని మర్యాదగానే తీసుకుని, జవాబు కోసం ఇంకోసారి అడగాలి. అడిగాక కుర్చీలోంచి లేవకూడదు.